ఎర్ర అట్ట పుస్తకం

నా కొట్లో పుస్తకాలు రెండు.
నీలం అట్టది మొగోళ్ళది, ఎర్ర అట్టది ఆడోళ్ళది.
ఓబులేసు కొలతలు ఎర్రదాంట్లో ఉండాయి,
పదకొండేండ్లుగా,
గాజుల సరోజమ్మకూ బ్యాంకు మేడానికీ నడాన.

ఛాతీ నలభై రెండు. నడుము నలభై.
చంక లోతు ఎక్కువ పెట్టాల, చేతులూపి తిడతాడు గదా.
హుక్కులు వద్దు, అంటుకునే పట్టీ.
అత్త పోయి నర్సు వచ్చేదానికి
వానికి దొరికేది, ఒకటి నుంచి నలభై లెక్కపెట్టేంత సేపు.

మొదట వచ్చినప్పుడు వానికి మీసం గూడా రాలేదు.
కాలేజీ యానివర్సరీకని మా ఇంటామె రవిక
అడుక్కోని పోయినాడు.
రెండు చంకలూ పిగిలించుకోని తెచ్చినాడు.
"ఎవురూ చూడల్య మామా, నవ్వుతాన్నారు."
మా ఇంటామె తిట్టింది. తిట్టి, ఉగ్గాణి పెట్టింది.

ఆ మీద హైదరాబాదు.
మూడు చానళ్ళు, ఏడు షోలు అంటారు.
నాకు తెలిసిన లెక్క గుడ్డల్లో:
మున్సిపల్ చైర్మన్ పెండ్లాం, పట్టు, మూడు.
ఆడ కానిస్టేబులు, ఖాకీ, నాలుగు.
సోది చెప్పేది ఒకటే, ఆరేండ్లు నడిచింది.
అత్తలకు లెక్కలేదు.
ఒక వారం ఒకే తానులో ఇద్దరు అత్తల్ని కత్తిరించినా.
శుక్రవారం ఒక చానల్లో కోడల్ని తిట్టె,
శనివారం ఇంకోదాంట్లో, అదే పువ్వుల రవిక,
వియ్యపురాలిని తిట్టె.

బస్టాండులో పార్సిలేస్తే తెల్లారేసరికి చేరేది.
వాని జతగాళ్ళు గూడా కొలతలు పంపబట్టిరి.
పొట్టి మద్దిలేటి.
గూని లేకున్నా గూని వేసే సుంకన్న.
తాగుబోతు వేషం తప్ప ఏదీ దొరకని ఇమాం సాబు,
ఆయప్ప చుక్క ముట్టడు.
వాళ్ళ మొగాలు మీకు తెలుసు. పేర్లు నాకు తెలుసు.
చివర్న టీవీలో పేర్లు పోతాయి చూడు,
ఆదోనిలో ఆగని గూడ్సు పోయినట్ల,
ఒక్క అక్షరం కంటికి ఆనదు.

నిజం చెప్తాండా, నేను నవ్వింది తక్కువ.
వాడు విరగబడి పడతాంటే
నా కండ్లు పక్క కుట్టు మీద.
ఒకసారి అది పిగిలింది. జనం లేసి చప్పట్లు.
నాకు ఆ రాత్రి నిద్ర లేదు.

మొన్న బేస్తవారం వాడే దిగినాడు,
పత్తి బండ్లు అడ్డం నిలిచిన బజార్లో
మొగానికి గుడ్డ కట్టుకోని.
"మామా, చొక్కా కుట్టల్ల."
ఎవురికి రా?
"నాకే. వెయ్యో ఎపిసోడంట.
ఎవురికి వాళ్ళు మాదిరి రమ్మన్నారు."

టేపు తీసుకుంటి.
నిలబడమంటే చెయ్యి నడుం మీదికి పాయ.
దించినా. మళ్ళా పాయ.
ఇద్దరమూ దాని తట్టే చూస్తిమి,
కొట్లోకి ఎవురిదో కోడి వచ్చినట్ల.
జేబులో పెట్టుకో, అంటి.
"యా జేబు?" అనె.

ఛాతీ నలభై రెండే. నడుము ముప్పై ఆరుకు దిగింది.
నేను అడగల్య. వాడు చెప్పల్య.
కత్తిరించేటప్పుడు నా చెయ్యి
దానంతట అదే డార్టుకు సుద్ద గీత గీసె.
తుడిచినా. గుడ్డ మీద రొంత తెల్లగా నిలిచింది.

ఆదివారం చూస్తిమి, నేనూ మా ఇంటామె.
లేత నీలం చొక్కాలో మెట్లు దిగి వచ్చె.
లైట్లు సర్దేటోడు అనుకునిరేమో, జనం గమ్మునుండిరి.
యాంకరమ్మ పేరు చదివె, పూర్తిగా, మెల్లగా:
గుడేకల్లు ఓబులేసు, ఆదోని.
అప్పుడు ఆ చెయ్యి నడుం మీదికి పాయ.
ఈలలే ఈలలు.
"చింపిన రవికకు ఇంగా బదులియ్యల్య వాడు"
అనె మా ఇంటామె, టీవీ తట్టే చూస్తా.
నేను చూసింది కాలరు.
ఎడమ పక్క నూలుపోగంత పైకుండాది.

సోమవారం ఫోను: నర్సు, తెల్లది, అంటుకునే పట్టీ,
నడుము కొత్త కొలతకే.
చొక్కా కొలత ఇంగా యాడా ఎక్కించల్య.
నీలం పుస్తకం తెరిచినా. మూసినా.
ఎర్రదాంట్లో వాని పేజీ అడుగున
రెండు వేళ్ళంత జాగా ఉండాది.
ఆడ రాసినా:
చొక్కా. జేబు ఒకటి, ఎడమ పక్క.